పాత పైథాన్‌ని తీసేయమన్నదెవరు

అవును అని నొక్కకుండా ఉండాల్సింది, లాప్‌టాప్ అడిగింది కదా, కొనసాగించమంటారా అని మర్యాదగానే అడిగింది, పైన తీసేయబోయేవాటి పేర్లు బారులు తీరి ఉన్నాయి, ఒక్క నిమిషం కళ్ళు పెట్టి చదివి ఉంటే ఈ గతి పట్టేది కాదు, కానీ సునిల్దా చదవలేదు, నేర్చుకోవడానికి వచ్చిన ఎపిఫానియా, పెద్దావిడ కాబట్టి అందరికీ న్యా ఎపిఫానియా, ఆవిడ భుజం మీదుగా వంగి తన వేలితోనే నొక్కేసింది, నొక్కిన మరుక్షణం ఆ పేర్లన్నీ జారిపోవడం మొదలుపెట్టాయి, వాటిలో ఒకటి తెర మీది బొమ్మలన్నిటినీ నిలబెట్టేదని కంటికి తట్టేసరికి అది కూడా వెళ్ళిపోయింది, అయినా గొంతు చెదరకుండా, ఒకసారి ఆపి మళ్ళీ పెడదామండీ అంది, మళ్ళీ పెడితే ఇదిగో, నల్ల తెర, పై మూలన తెల్లటి గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ, అంతే, ఫోల్డర్లు లేవు, పచ్చ గౌను వేసుకుని నవ్వుతున్న ఆవిడ కూతురి ఫోటో లేదు, ఆ పిల్ల కూడా లేదు, పోయినేడు డెంగ్యూ వచ్చి పోయింది, ఈ లాప్‌టాప్ ఆ పిల్లది.

ఎవరైనా చూశారా, లేదు, ఆడవాళ్ళకి ఈ తరగతి పెట్టిన రోసీయో అటు మూల ఆపిల్ లాప్‌టాప్ తెచ్చిన పళ్ళ డాక్టరమ్మతో కుస్తీ పడుతోంది, మిగతా ఆడవాళ్ళు ఫ్యాను కింద చేరి తెరెరే అనే చల్లటి ఆకు పానీయం పోసిన కొమ్ముగ్లాసు చేతులు మార్చుకుంటున్నారు, ఇందాక సునిల్దా దగ్గరికీ వచ్చింది ఆ గ్లాసు, గొట్టంతో రెండు గుక్కలు పీల్చి అలవాటు లేని కంగారులో థాంక్స్ అనేసింది, థాంక్స్ అంటే ఇక చాలు అని, ఇక ఈ పూటకి ఆమె వంతు రాదు, నాలుక పిడచకట్టుకుపోతోంది, ఫిబ్రవరి నడివేసవి ఎండకి అసున్సియోన్ ఊరంతా పెనంలా కాలుతోంది, ఏసీ పెద్దగా అరుస్తోంది తప్ప చల్లబరచడం లేదు, రేపు తరగతి, ఇవాళ అందరి లాప్‌టాపుల్లోనూ పైథాన్ అనే కంప్యూటర్ భాష, దాని మీద నిలిచి వెబ్‌సైట్లు కట్టే జాంగో చట్రం ఎక్కించి పంపేస్తే చాలు, అంతే కదా పని, రోసీయో ఫోన్ చేసినప్పుడు అంతే అంది, మనిద్దరమే నేర్పేవాళ్ళం, నువ్వుంటే నాకు కొండంత అండ సునీ, అన్ని రకాలవీ వస్తాయి, విండోస్, ఆపిల్, ఎవరైనా లినక్స్ కూడా తేవచ్చు, నీకు అన్నీ వచ్చు కదా అంటే, వచ్చు అంది సునిల్దా, ఏం వచ్చు, రేవులో సరుకు రవాణా ఆఫీసులో విండోస్ తప్ప మరొకటి ముట్టుకున్న పాపాన పోలేదు, వచ్చు అనేసింది, నోరు దానంతటదే అనేసింది.

విండోస్‌లో ఎంత హాయి, పాత పైథాన్ కనబడితే తీసి అవతల పారేయి, కొత్తది ఎక్కించు, అదెక్కడుందో మిషనుకి దారి చూపించే గడిలో టిక్కు పెట్టు, అయిపోయింది, మధ్యాహ్నం నుంచి అందరికీ అదే చేసింది, తీసేయి ఎక్కించు, తీసేయి ఎక్కించు, చేతికి అలవాటు పడిపోయింది, న్యా ఎపిఫానియా కూర్చుని లాప్‌టాప్ తెరవగానే అందులోనూ పాత పైథాన్ ఉంది, మా అమ్మాయి ఎక్కించిందమ్మా లినక్స్ అని, డబ్బులు పెట్టి కొనక్కర్లేదంట, నాకు దీని ఆనూ పానూ తెలీదు, నువ్వెలా చెయ్యమంటే అలా చేస్తాను అంది ఆవిడ, పాతది తీసేద్దామండీ అంది సునిల్దా, ఎంత తేలిగ్గా అంది, లినక్స్‌లో సగం పనులు ఆ పాత పైథాన్ మీదే ఆధారపడి ఉంటాయని ఎక్కడో చదివినట్టే ఉంది, ఇప్పుడు గుర్తొస్తోంది, ముందెందుకు గుర్తు రాలేదు, మాయదారి బుర్ర, కొత్తదాన్ని దాని పక్కన పెట్టుకోవాలి గానీ పాతదాన్ని పీకకూడదు, పీకితే ఇదిగో ఇలా, లోపల ఏమేం కూలిపోయాయో, ఆ పిల్ల తన గొంతుతో రికార్డు చేసుకున్న పాటలున్నాయంది ఆవిడ, కుట్టు దుకాణానికి వెబ్‌సైటు కడుతూ కడుతూ సగంలో వదిలేసిందంది, ఆ సగాన్ని నేను పూర్తి చెయ్యాలమ్మా, అందుకే వచ్చాను ఈ వయసులో, వేరే ఎక్కడా దాచలేదు, ఇందులోనే ఉంది అంతా అంది, ఇందులోనే, ఇంకెక్కడా కాదు, దేవుడా.

ఏమ్మా, ఇలాగే ఉంటుందా కాసేపు అని న్యా ఎపిఫానియా అడుగుతోంది, ఉంటుందండీ, లోపల పని చేసుకుంటోంది, ఒక్క నిమిషం అని సునిల్దా లేచింది, మళ్ళీ అబద్ధం, గబగబా వరండాలోకి వచ్చింది, ఫోన్ తీసి వెతుకుతోంది, వేళ్ళ చెమటకి అక్షరాలు పడటం లేదు, ఎవడో ఇలాగే చేశాడట ఎక్కడో, వాడికి పదిమంది జవాబులిచ్చారు, అది తీసేయకూడదని ఆ మాత్రం తెలీదా అని ఒకడు, శుభ్రంగా అంతా తుడిచేసి మొదటినుంచీ ఎక్కించుకో అని ఇంకొకడు, తుడిచేసి అన్న మాట దగ్గర వేలు ఆగిపోయింది, తుడిచేయడమంటే పాటలు, ఫోటోలు, ఆ సగం వెబ్‌సైటు, అన్నీ, ఎవరికి చెప్పాలి, రోసీయోకి చెప్తే, నువ్వు లినక్స్ వచ్చన్నావుగా అంటుంది, అనదు, ఏమీ అనకుండా అలా చూస్తుంది, అది ఇంకా నరకం, పోస్టరు మీద తన పేరు కూడా వేశారు, సునిల్దా ఒవేలార్, శిక్షకురాలు అని, అమ్మ ఆ పోస్టరుని ఫోన్‌లో పెట్టుకుని చర్చిలో అందరికీ చూపించింది, పారిపోతే, మెట్లు దిగి బస్సెక్కితే, తలనొప్పి అని మెసేజ్ పెడితే, ఛీ.

ఎండవేళ బయటికి పోతే బంగారు జుట్టు పిల్లాడు వచ్చి ఎత్తుకుపోతాడని అమ్మమ్మ పడుకోబెట్టేది చిన్నప్పుడు కాసాపా ఊళ్ళో, ఊపిరి బిగబట్టి గోడవైపు తిరిగి పడుకునేది సునిల్దా, భయపడితే కదలకూడదని అప్పుడే నేర్చుకుంది, బడిలో ఇంకోటి నేర్చుకుంది, ఇంట్లో గ్వారానీ తప్ప వేరే మాట చెవిన పడేది కాదు, బడిలో టీచరమ్మ స్పానిష్‌లో దంచేసేది, అర్థమైందా అంటే అయింది టీచర్ అనాలి, అందరూ అనేవాళ్ళు, ఒకరోజు టీచరమ్మ తన ముందు నిలబడి ఏదో అడిగింది, అవును టీచర్ అంది సునిల్దా గట్టిగా, క్లాసంతా తనవైపే తిరిగింది, నీళ్ళ కుండ నువ్వే పగలగొట్టావా అని అడిగిందట ఆవిడ, మొక్కజొన్న గింజల మీద మోకాళ్ళు వేయించింది, ఇంటికొచ్చాక అమ్మమ్మ గింజల అచ్చులు చూసి, చెయ్యని పనికి ఊఁ అని ఎందుకన్నావే మొద్దూ అని ఏడ్చింది, ఇంత వయసొచ్చి ఇంత ఉద్యోగం చేస్తున్నా ఆ ఊఁ పోలేదు, మనిషి అడిగినా మిషను అడిగినా ఊఁ.

లోపల నవ్వులు వినిపిస్తున్నాయి, ఏమైంది, గుమ్మంలోంచి చూస్తే న్యా ఎపిఫానియా చుట్టూ అందరూ మూగారు, ఆవిడ తెరని వాళ్ళవైపు తిప్పి చూపిస్తోంది, ఇదేనర్రా, అచ్చం ఇదే, మా అమ్మాయి కూర్చుంటే ఎప్పుడూ ఇలాగే నల్లగా ఉండేది, తెల్ల అక్షరాలు టకటకా పడుతుండేవి, ఏంటే ఈ చీకట్లో చూస్తావు కళ్ళు పోతాయి అని తిట్టేదాన్ని, నీకు అర్థం కాదులే అమ్మా అనేది, ఇప్పుడు చూడు, వెధవది, నా ముందుకే వచ్చింది ఆ తెర, అంటూ ఆవిడ గౌను చేతికే కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుతోంది, సునిల్దాని చూసి చెయ్యి ఊపింది, రా తల్లీ రా, ఇంతమందిలో నాకొక్కదానికే ఈ తెర ఇచ్చావు, నీ చేతులు చల్లగా ఉండాలి అంది, చేతులు చల్లగానే ఉన్నాయి, మంచులా ఉన్నాయి, ఆ దీవెన వీపు మీద దెబ్బలా పడింది, చెప్పకుండా ఉండొచ్చు, ఆవిడ ఇలాగే అనుకుంటుంది, ఇది పాఠంలో భాగం అనుకుంటుంది, ఇంటికి వెళ్ళేదాకా సంతోషంగా ఉంటుంది, ఇంటికి వెళ్ళాక ఫోటో చూద్దామనుకుంటుంది.

రోసీయో వచ్చింది, తెర చూసింది, సునిల్దాని చూసింది, ఏమీ అనలేదు, సరిగ్గా అనుకున్నట్టే ఏమీ అనలేదు, ఇక ఆ చూపు కింద నిలబడలేక సునిల్దా, ఇది పాఠం కాదండీ అనేసింది, న్యా ఎపిఫానియా, ఇది పాఠం కాదు, నేను పాడు చేశాను, పాత పైథాన్‌ని తీసేయమని నేనే అన్నాను, దీంట్లో అలా తీయకూడదు, నాకు లినక్స్ తెలీదు, తెలుసని అబద్ధం చెప్పాను, మీ అమ్మాయివి లోపల ఉన్నాయో పోయాయో నాకు నిజంగా తెలీదు, గ్లాసులో గొట్టం చివర గుర్రుమంటున్న చప్పుడు ఆగిపోయింది, న్యా ఎపిఫానియా ముఖంలోంచి నవ్వు మెల్లగా దిగిపోయింది, తెలీకపోతే తెలీదని చెప్పడానికేం రోగమమ్మా నీకు అంది, నేను చెప్పలేదూ నాకు తెలీదని, అందరి ముందూ చెప్పలేదూ, నాకేమన్నా కిరీటం ఊడిపోయిందా, పాతది అక్కడే ఉంచి కొత్తదాన్ని పక్కన పెట్టడానికి చోటు లేకపోయిందా అందులో, ఉందండీ అంది సునిల్దా, మరి ఎందుకు పీకావు అంది ఆవిడ, అందరూ పాతది తీసెయ్ తీసెయ్ అనేవాళ్ళే, నా కూతురి బట్టలు తీసెయ్, దాని మంచం తీసెయ్, మా చెల్లెలూ అదే పాట, నువ్వూ అదే, నా ఖర్మ, అంటూ ఆవిడ లాప్‌టాప్‌ని రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది, చంటిపిల్లని ఎవరో లాక్కుపోతారన్నట్టు.

రోసీయో ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది, న్యా, నా మాట వినండి, లోపలి ఇల్లు ఉండే ఉంటుంది, తెర అనే వాకిలి పడిపోయింది, ఆ వాకిలి నేను మళ్ళీ కడతాను, గోడలోంచి ఇంటర్నెట్ వైరు లాగి పోయినవన్నీ మళ్ళీ ఎక్కిస్తాను, కానీ ముందు లోపల చూద్దాం, లోపలికి వెళ్ళడానికి పెట్టిన పేరు, రహస్య పదం మీకు తెలుసా అంది, తెలుసు, ఆసుపత్రిలో నా చేత కంఠస్థం చేయించింది, పేరయితే దాని పేరే అంది ఆవిడ, ఉండే ఉంటుంది అంది రోసీయో, ఉంటుంది అనలేదు, ఆ తేడా సునిల్దా ఒక్కదానికే వినపడినట్టుంది, రోసీయో మూడు మీటలు కలిపి నొక్కితే తెర అడిగింది, న్యా ఎపిఫానియా ఒంటి వేలితో రహస్య పదం కొడుతోంది, ఏమీ పడటం లేదమ్మా అంది, పడవండీ, రహస్య పదం కనబడదు, అలాగే కొట్టండి అంది రోసీయో, ఒక్కొక్క అక్షరానికి ఆవిడ పెదాలు కదులుతున్నాయి, తెర మీద ఏమీ లేదు, సునిల్దా ఊపిరి బిగబట్టింది, మోకాళ్ళ కింద గింజలు గుచ్చుకుంటున్నట్టుంది, తప్పు అంది తెర, మళ్ళీ అడిగింది, న్యా ఎపిఫానియా చెయ్యి గౌనుకి తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి కొట్టింది, ఇంకా మెల్లగా, ఈసారి తెర గబుక్కున నాలుగు వరసలు కక్కింది, లోపలికి రానిచ్చింది, రోసీయో రెండే అక్షరాలు నొక్కమంది, నొక్కగానే పేర్లు వచ్చాయి, ఫోటోలు, పాటలు, తర్వాత చూద్దాం అని ఒకటి, అమ్మ కుట్టు, అన్నీ ఉన్నాయి, వరసగా, ఎవరూ ముట్టుకోనట్టు ఉన్నాయి, అమ్మ కుట్టు అని పైకి చదివింది న్యా ఎపిఫానియా, అమ్మ కుట్టు అంట, చూడండే, నా దుకాణం పేరు కూడా సరిగ్గా పెట్టలేదు దొంగముండ, అని నవ్వుతూ ఏడ్చింది, తెరని వేలితో తడుముతూ, ఇదిగో, ప్రతి వరసకీ ముందు దాని పేరే వేస్తోంది, అరాసెలి, అరాసెలి, అరాసెలి అంది.

అరాసెలి, ఎంత బాగుంది పేరు, ఇన్నిసార్లు ఆ పిల్ల ఆ పిల్ల అనుకుంది గానీ పేరు తెలీదు సునిల్దాకి, ఎలా తెలుస్తుంది ఎవరూ చెప్పందే అని అనుకుంటుండగానే గుర్తొచ్చింది, ఎందుకు చెప్పలేదు, చెప్పింది, కుర్చీలో కూర్చుంటూనే చెప్పింది ఆవిడ, మా అరాసెలిదమ్మా ఇది అని లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి చెప్పింది, అప్పుడు సునిల్దా నవ్వుతూ తలూపింది, అబ్బో లినక్స్ వచ్చింది ఇప్పుడెలా అని లోపల గుండె దడదడలాడుతుంటే తలూపింది, ఆ దడలో పేరు వినపడలేదు, ఆ తర్వాత మిషను అడిగిన మాట కనపడలేదు, వరండాలో ఏడుపొచ్చినంత పనైనా అది కూడా పోస్టరు కోసం, రోసీయో చూపు కోసం, తన పరువు కోసం, ఒక్క క్షణం కూడా అరాసెలి కోసం కాదు, భయం మనిషిని వణికిస్తుందనే అనుకుంది ఇన్నాళ్ళూ, వణికించడం దానికో లెక్క కాదు, అది చెవులు మూసేస్తుంది, ఎదురుగా కూర్చున్న తల్లి తన బిడ్డ పేరు చెబుతుంటే వినపడకుండా చేసేస్తుంది.