పచ్చ టిక్కు

గులాం రసూల్ ఒకటికి రెండుసార్లు కొలవనిదే గుడ్డకు కత్తెర పెట్టడు. నారాయణఖేడ్ బజారులో ముప్పయ్యేళ్లుగా టైలరు. చొక్కా బిగుతైందని వెనక్కి తెచ్చినవాడు లేడు. అలాంటి మనిషి ఒక్క బొటనవేలితో భార్య ప్రాణం మీదికి తెచ్చాడు.

ఆయన ఫోన్లో గోలీల వేళ గుర్తుచేసే యాప్ పెట్టింది జహీరాబాద్‌లో కాపురముంటున్న కూతురు తమన్నా. పొద్దున ఎనిమిదింటికి మోగుతుంది. భార్య సాలెహా బేగం షుగర్ గోలీ వేసుకుంటే పచ్చ టిక్కు నొక్కాలి, లేకుంటే ఎర్రది. ఇక్కడ నొక్కింది అక్కడ కూతురి ఫోన్లో కనబడుతుంది. ఎర్రది పడిందా, మరు నిమిషం ఫోను. "ఏంది అబ్బా, అమ్మీ గోలీ ఎందుకేస్కోలే?" ఆ పిల్ల నోరంటే రసూల్‌కు హడలే, లోపల్లోపల మురిపెం కూడా.

రంజాన్ వచ్చింది. డాక్టరు ఉపవాసం వద్దన్నాడు, కూతురు వద్దంది. సాలెహా వింటేగా!

"ఇన్నేండ్లల్ల ఒక్క రోజా ఇడువలే. ఇప్పుడిడుస్తనా?"

తెల్లవారుజామున తినేటప్పుడు గోలీ వేసుకుంటే మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతున్నాయని గోలీనే మానేసింది. "బిడ్డకు చెప్పకు, పరేషాన్ అయితది," అంది. నెల రోజుల ముచ్చటే కదా అని రసూల్ పచ్చది నొక్కాడు.

పండుగ పోయింది, అలవాటు పోలేదు. సాలెహా ఒకరోజు వేసుకుంటే నాలుగురోజులు మరిచేది. ఆయన దుకాణంలో మిషన్ తొక్కుతూనే, ఇంట్లో ఒక్క మాట అడగకుండా, పచ్చది నొక్కేవాడు. కూతురు తిట్టడం మానేసింది. ఇంట్లో శాంతి. దొంగ శాంతి.

రెండు నెలలకు దవాఖానకు పోతే షుగర్ మూడు వందలు దాటింది. డాక్టరు ఫోను అందుకుని పైకీ కిందికీ జరిపి చూశాడు. అంతా పచ్చగా ఉంది.

"ఒక్క పూట తప్పలేదా?"

సాలెహా భర్త మొహం చూసింది. అప్పుడైనా ఆయన నిజం చెప్పాల్సింది.

"తప్పలే సార్," అన్నాడు రసూల్.

అయితే గోలీ చాలడం లేదన్నమాట అని డాక్టరు మోతాదు రెండింతలు రాశాడు. ఆ మూడు వందల మాటకు భయపడి సాలెహా ఈసారి ఒక్క పూట వదల్లేదు. ఐదోనాడు బట్టలుతుకుతూ, షుగర్ మరీ దిగిపోయి, బండమీద పడిపోయింది. పక్కింటి హన్నమ్మ పరుగున వచ్చి నోట్లో చక్కెర వేసింది కాబట్టి ప్రాణం దక్కింది. తుంటి ఎముక మాత్రం విరిగింది.

ఇంక దాచి ఏం చేస్తాడు? దవాఖానలో అంతా చెప్పేశాడు.

"గోలీలు ఏస్కుంట లేదని ఒక్క మాట చెప్తే నేను పెంచకపోదును గదా పెద్దమనిషీ!" అన్నాడు డాక్టరు.

తమన్నా పక్కనే నిలబడి విన్నది. తండ్రిని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పది రోజులుండి, తల్లిని మంచం మీద కుదురుగా పడుకోబెట్టి, వెళ్లిపోయింది.

ఇప్పుడు రసూల్ పొద్దున దుకాణం తెరవడు. గోలీ తన చేత్తో ఇచ్చి, మింగిందాకా చూసి, అప్పుడు నొక్కుతాడు. బుద్ధి వచ్చింది, కాస్త ఆలస్యంగా. ఒకరోజు వాంతులవుతున్నాయని సాలెహా గోలీ వద్దంది. ఎనిమిదింటికి ఫోను మోగింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆయన ఎర్రది నొక్కాడు. నొక్కి, ఫోను అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. తమన్నా చేస్తుంది, కడిగేస్తుంది. ఆ తిట్ల కోసం ఆయన ప్రాణం కొట్టుకుపోతున్నది.

ఫోను మోగింది. ఆయనది కాదు, గోడ అవతల హన్నమ్మది.

కాసేపటికి హన్నమ్మ ఫోను పట్టుకునే గడపలోకి వచ్చింది. మొహమాటపడుతూ అడిగింది. "అన్నా, తమన్నా అడుగుతున్నది. రోజూ అడుగుతది. వదినె గోలీ ఏస్కుందా?"

రసూల్ పక్కకు జరిగి దారిచ్చాడు.

"లోపలికొచ్చి చూసి చెప్పు చెల్లె. నేను చెప్పినంటే నమ్మదు."