చివరి పేజీలో పక్షి బొమ్మ

మా అక్క మొగుడు, చుట్టాలంతా సర్దుడు బావ అని పిలిచే ఆయన, నాకు చేసిన అన్యాయం ఏమిటో చెబితే మీరు కూడా ఆయన పక్షానే మాట్లాడతారు. ఇప్పటివరకు విన్నవాళ్ళంతా ఆ పనే చేశారు. అయినా రాస్తున్నాను.

నేను ఆరంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాను. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి రకరకాల పనులు చేసి, ఇరవై ఆరేళ్ళ క్రితం ఆ పెట్టెలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఇప్పటికీ ఆ స్టూలే. నాలుగో అంతస్తులో ఓడల మీద సరుకు పంపే కంపెనీ ఉంది. వాళ్ళకు ఎక్కడెక్కడి దేశాల నుంచో ఉత్తరాలు వచ్చేవి. చించి పారేసిన కవర్ల మీది స్టాంపులు అడిగి తెచ్చుకునేవాణ్ణి. నేను చూసిన ప్రపంచం కింద నుంచి ఆరు దాకా, ఆరు నుంచి కింద దాకా. స్టాంపుల్లో మాత్రం పర్వతాలు, రాణులు, చేపలు, రైళ్ళు అన్నీ ఉండేవి.

పాత పుస్తకాల కొట్లో ఒక లావుపాటి కేటలాగు దొరికింది. అందులో ప్రతి స్టాంపుకీ ఒక నంబరు. అదే కేటలాగు వాడే సేకరణదారుల చిరునామాలు వెనక పేజీల్లో ఉన్నాయి. ఒకటి ఎంచుకున్నాను. నాలుగో అంతస్తు టైపిస్టు మేడంగారు నా తరఫున ఇంగ్లీషులో పేజీన్నర ఉత్తరం కొట్టిపెట్టారు. నెల తర్వాత జవాబుగా పోస్టుకార్డు వచ్చింది. ఒక వైపు చెరువూ పడవా. రెండో వైపు చిరునామా కాక నాలుగే నాలుగు అంకెలు. రెండింటి ముందు ప్లస్సు, రెండింటి ముందు మైనస్సు.

"ఇదేం మనిషయ్యా, ఒక్క ముక్క రాయలేదు" అన్నారు మేడంగారు, చిన్నబుచ్చుకుని.

నాకు అర్థమైంది, అవి కేటలాగు నంబర్లు. ప్లస్సు అంటే తన దగ్గర అదనంగా ఉన్నవి, మైనస్సు అంటే కావలసినవి. ఆయనకీ ఇంగ్లీషు రాదు. అప్పుడే నాకు నచ్చాడు.

పంతొమ్మిదేళ్ళు అలాగే నడిచింది. నెలకొక కార్డు, ఒక్కో నెల రెండు, అవతలివాడు అడిగిన స్టాంపు కార్డు మీదే అంటించి. ఆయన వయసు తెలియదు, పెళ్ళాం పిల్లలు ఉన్నారో లేదో తెలియదు. మా ఇంట్లో అంకెలాయన అనేవాళ్ళం. మా ఇంట్లో అంటే నేనూ, అప్పుడప్పుడూ వచ్చే అక్కా బావా. అంకెలు వణుకుతుంటే జ్వరమనుకునేవాణ్ణి. ఒక ఏడు మూడు నెలలు కార్డు రాలేదు. తర్వాత వచ్చినదాని మీద మైనస్సులు లేవు, అన్నీ ప్లస్సులే. మనిషి ఏదో పోగొట్టుకుని ఉన్నవన్నీ పంచిపెడుతున్నాడనిపించింది. నేనూ ఆ నెల ప్లస్సులే రాశాను. మా ఇద్దరి మధ్య జరిగిన పెద్ద సంభాషణ అదే.

కార్డులన్నీ చెప్పుల డబ్బాల్లో తేదీల వరసన పెట్టుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం ఒక డబ్బా దింపి, మంచం మీద కూర్చుని మొదటి నుంచి చదువుకునేవాణ్ణి. అంకెలు ఏం చదువుతారని మీరు అడగొచ్చు. నేను చదివేవాణ్ణి.

పోయిన ఏడు కడుపులో రాళ్ళు తీయడానికి ఆపరేషన్ అన్నారు. ఆసుపత్రిలో చేరే ముందు రోజు అంకెలాయనకి కార్డు రాస్తూ మొదటిసారి అంకెలు మానేశాను. ఒక మంచం గీసి, మీద పడుకున్న మనిషిని గీసి, పక్కన వేలాడే సెలైన్ సీసా గీశాను. పోస్టాఫీసు కౌంటరులో కూర్చునే ఆయన చూసి, "ఏం గురువుగారూ, సీసా తలగడ దగ్గరే పెట్టుకున్నాడు మీవాడు" అన్నాడు. నవ్వాను. భయంగా ఉందని ఎవరికైనా చెప్పానంటే ఆ కార్డులోనే చెప్పాను.

పుండు చీము పట్టి ఇరవై మూడు రోజులు ఆసుపత్రిలోనే ఉండిపోయాను. అక్కా బావా నా గదిలో దిగారు. అక్క నాకు క్యారేజీ తెచ్చేది. బావ గదిలో ఉండేవాడు. ఆయన ఫ్యాక్టరీలో స్టోర్ కీపరుగా చేసి రిటైరైన మనిషి. మేకుల్ని కూడా సైజుల వారీగా సీసాల్లో పోసి చీటీలు అంటిస్తాడు. అలాంటి మనిషిని నా డబ్బాలతో ఒంటరిగా వదిలేశారు.

ఇంటికి వచ్చిన రోజు పక్క వాటాల వాళ్ళు కూడా చేరారు. బల్ల మీద మూడు కొత్త ఆల్బములు, ఎర్ర అట్టలవి.

"తెరిచి చూడవోయ్ బావమరిదీ" అన్నాడు బావ.

తెరిచాను. స్టాంపులు. నా స్టాంపులు. సైజు ప్రకారం, రంగుల ప్రకారం, ఎర్రవన్నీ ఒకచోట, నీలివన్నీ ఒకచోట, జిగురుతో గట్టిగా అంటించి. మొదటి పేజీలో స్టోరు రిజిస్టరు దస్తూరీతో మొత్తం కూడా వేశాడు.

"డబ్బాలేవి?" అన్నాను.

"ఆ అట్టముక్కలా? గోరువెచ్చటి నీళ్ళలో నానబెడితే స్టాంపు దానంతటదే ఊడొస్తుందని స్టాంపుల కొట్టువాడు చెప్పాడు. టబ్బులో పదేసి చొప్పున వేశా. స్టాంపు చెక్కు చెదరలేదు చూడు. అట్టలు ముద్దయిపోయాయి, పాత కాగితాల వాడికి వేసేశాం."

"పదకొండు రోజులు నడుం వంచారురా మీ బావ" అంది అక్క. "నీకోసం ఇంకెవరు చేస్తారు చెప్పు?"

పక్కింటావిడ మెచ్చుకుంది. కుట్లు లాగుతున్నాయని కూర్చున్నాను.

"నువ్వక్కడ ఉండగా ఒకటొచ్చింది" అన్నాడు బావ. "అదీ కలిపేశా. చివరి పేజీ."

చివరి పేజీలో చిన్న పక్షి బొమ్మ ఉంది. మూల మీద తపాలా ముద్ర సగం గుండ్రం. మిగతా సగం కార్డుతో పోయింది.

"వెనక ఏం నంబర్లున్నాయి బావా?"

"నంబర్లేం లేవే. ఈసారి నిండా రాశాడు. చీమల బారులాగా, అంచుల దాకా. చోటు చాలక పక్కన నిలువుగా కూడా రాశాడు. ఏ భాషో ఏమో."

పక్షి బొమ్మ మీద వేలు పెట్టి అడిగాను, "ఎవరికైనా చూపించాల్సింది కదా?"

ఆయన మొహం ముడుచుకున్నాడు. "నీ పేరున వచ్చిన ఉత్తరం ఇంకొకళ్ళకి చూపిస్తానా? ఆ మాత్రం మర్యాద తెలీదా నాకు?"

"నీళ్ళలో వేశావు."

"వేశాను. నీలి సిరా. నీళ్ళన్నీ భలే రంగు తిరిగాయిలే."

ఆ టబ్బులోనే నేను స్నానం చేస్తాను. ఆ రాత్రి దాన్ని దీపం కింద తిప్పి తిప్పి చూశాను. అక్క శుభ్రంగా తోమిపెట్టింది.

కుట్లు మాని నడవగలిగాక పాత కాగితాల కొట్టుకు వెళ్ళాను. లోడు మిల్లుకు పోయి పది రోజులైందన్నాడు. అంకెలాయన చిరునామా నాకు కంఠతా వచ్చు కాబట్టి కార్డు రాశాను. ఒక మైనస్సు పెట్టి, పక్కన పక్షి స్టాంపు ఉన్న కార్డు బొమ్మ గీశాను. నాకు కావలసింది అదీ అని. జవాబు లేదు. మళ్ళీ రాశాను. మూడోసారి రాసిన కార్డు తిరిగొచ్చింది, మీద పసుపు చీటీ అంటించి ఉంది. నాలుగో అంతస్తుకు పట్టుకెళ్ళాను. మేడంగారు రిటైరైపోయారు. ఆ సీట్లో ఉన్న అమ్మాయి సెల్లులో ఏదో నొక్కి చదివి పెట్టింది.

"గడులున్నాయంకుల్. ఒకటి ఇల్లు మారారని, దాని కింద చనిపోయారని. ఎక్కడ టిక్కు పెడితే అది."

"దేనికుంది?"

ఆ అమ్మాయి చీటీని దగ్గరగా పెట్టుకుని చూసింది. "రెండు గీతల మధ్యలో పడిందంకుల్."

ఇల్లు మారుతుంటే కొత్త చిరునామా ఆ నిలువు వరసలో ఉండి ఉంటుంది. పోయేముందు రాసుకున్నదైతే ఏం రాశాడో. నా మంచం బొమ్మకి జవాబైతే, మాటలు మానుకున్న మనిషి నాకోసం మాటలు వెతుక్కున్నాడన్నమాట.

అక్కావాళ్ళింటికి వెళ్ళడం మానేశాను. బావ రెండుసార్లు లిఫ్టు దాకా వచ్చాడు. "ఇంకా కోపమేనా, అంకెలే కదయ్యా" అన్నాడు. ఏ అంతస్తు అని అడిగాను. దిగిపోయాడు. ఆదివారాలు ఇప్పుడు పొడుగ్గా ఉంటున్నాయి.

లెక్క బావదే, ఆల్బము మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో ఉంది, తప్పు పోదు: కార్డుల మీంచి ఊడదీసినవి, కార్డుకొకటి చొప్పున, మొత్తం మూడు వందల నలభై రెండు. అందులో మూడు వందల నలభై ఒకటి నేను చదివినవి. ఒకటి చదవనిది.