గవర్నరు పటానికి వేసిన దండ

ఎనభై మూడులో, స్కూల్లో చరిత్ర ప్రదర్శనకి చీటీ తీస్తే మా రేణుకి గవర్నర్ హార్ట్‌వెల్ వచ్చాడు. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక మేముండే ఈ దక్షిణాది రాష్ట్రాన్ని ఏలిన ఉత్తరాదివాడు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లకి బడులు పెట్టించాడు. పెద్దమనుషులకి అది కంటగింపయింది. దొంగ అని కేసు పెట్టారు. అతను రాజీనామా చేసి, పెళ్లాం పిల్లలతో రైలెక్కేశాడు.

"తప్పు చెయ్యనప్పుడు ఫైట్ చెయ్యాలిగా! ఉత్త పిరికివాడు," అన్నారు మా ఆయన ఆదిశేషు, అట్టమీద అతికించిన బొమ్మ చూసి.

"ఎవరూ హెల్ప్ చెయ్యలేదు డాడీ, ఆయనకి," అంది రేణు.

ఆ మాటకి నా మనసు చివుక్కుమంది. పోయినవాళ్ల పటానికి బొట్టూ దండా లేకపోతే నా మనసొప్పదు. బొట్టు పెట్టి, పెరట్లో గులాబీలు కోసి దండ గుచ్చి వేశాను. నూరేళ్లనాటి పగ ఈ ఊళ్లో ఇంకా పచ్చిగానే ఉందని నాకేం తెలుసు!

ప్రదర్శనకి మా ఆయన పనిచేసే ఆసుపత్రి బోర్డు చైర్మన్ కాల్డ్‌వెల్ వచ్చాడు. డాక్టరుగా మా ఆయన్ని వచ్చే ఏడు ఉంచాలో వద్దో ఆ వారమే తేల్చేది అతనే. రేణు బల్ల ముందు ఆగి, నవ్వుతూనే ఇంగ్లీషులో అడిగాడు.

"మా ముత్తాత తరిమేసిన దొంగకి పూలదండా, డాక్టర్?"

చుట్టూ అందరూ మాటలాపి మావైపు తిరిగారు. చనిపోయినవాళ్లు ఎవరైనా సరే దండ వెయ్యడం మా ఆచారమని చెప్పాలనుకున్నాను. నోట్లోంచి ఇంగ్లీషు ముక్క ఒక్కటీ రాలేదు. మా ఆయనకి వచ్చుగా, గడగడా! ఆయనవైపు చూశాను.

ఆయన దండ తీసేశారు. "సారీ సర్, మా ఆవిడకి తెలీక వేసింది," అన్నారు ఇంగ్లీషులోనే. దాన్నెక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డారు. నా ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం? ఉద్యోగం ఊడితే పిల్లనేసుకుని ఎక్కడికని పోతాం? రేణు మాత్రం గవర్నరు నుదుటిమీద నేను పెట్టిన బొట్టుని అరచేత్తో కప్పి నిలబడింది. కాల్డ్‌వెల్ వెళ్లేదాకా చెయ్యి తియ్యలేదు.

కారెక్కాం. దండ నా ఒళ్లో ఉంది. ఇంటి ముందు కారాపినా ఆయన దిగలేదు. స్టీరింగు పట్టుకుని, వెనక సీట్లో ఉన్న రేణువైపు తిరగకుండానే అన్నారు.

"పాపం, ఆ గవర్నరు మాత్రం ఏం చేస్తాడమ్మా? పెళ్లాం పిల్లలున్నవాడు."