ఫిరంగి కింది గది

కన్నయ్య సుత్తితో రేకును కొట్టి, చెవి ఆనించి విన్నాడు. పక్కనే తుప్పు చెక్కుతున్న భార్య రాజ్యం చేతిలో ఉలి ఆగిపోయింది.

"ఏటి మావా?"

"డొల్లే."

బర్మాలోని తాకేటాలో, పజుండౌంగ్ కాలువ ఒడ్డున ఉన్న తుక్కు యార్డులో ఓడ ముందు సగం ఒరిగి పడి ఉంది. తెల్లదొరల కాలంలో నదిలో మునిగిన డిస్ట్రాయర్ అనే యుద్ధనౌకది. వేగంగా పరుగెత్తడానికే కట్టిన ఓడ. ఒళ్లు సన్నన, రేకులు పల్చన. టార్పెడో గొట్టాలను కన్నయ్య పోయిన వారమే కోశాడు. వాటిలో బురద తప్ప ఏమీ లేదు. అయినా ఏదో పేలుతుందన్న భయంతో ఆ వారమంతా రాజ్యానికి అన్నం దిగలేదు. ఇప్పుడు మిగిలింది ఫిరంగి దిమ్మ, దాని కింద గుళ్లు దాచే గది. ఇన్నేళ్లూ నీళ్లు కూడా చొరని గది.

పెళ్లైన నాటి నుంచీ ఆమె అతన్ని ఇలాగే చూస్తోంది. కాలిన కనుబొమలు, మెడ మీద నిప్పురవ్వల మచ్చలు, ఏ సబ్బుకూ పోని ఇనుము వాసన. పనిలో ఇంత జాగ్రత్త గల మనిషికి ఇంట్లో ఒక మేకు కొట్టాలంటే బద్ధకం.

మూసి ఉన్న గది ఏది తెరిచినా ముందు తాడు కట్టి దీపం దించుతాడు. ఆరిపోతే దిగడు. ఇవాళ అగ్గిపుల్ల తీయగానే రాజ్యం అతని చెయ్యి పట్టుకుంది.

"అగ్గొద్దు మావా. గుండొక్కటున్నా మనం మిగల్నేం."

"నీ బయం సల్లగుండా! నీకు సైరనన్నా బయమే, సుట్టాలన్నా బయమే."

అయినా పుల్ల పారేశాడు.

బోల్టులు ఊడాయి. మూత కదలగానే బయటి గాలి జుయ్యిమని లోపలికి పోయింది. రాజ్యం కళ్లు మూసుకుంది. ఏమీ పేలలేదు.

కన్నయ్య బ్యాటరీ లైటు వేసి చూశాడు. "ఒట్టి అరలే. గుళ్లు నేవు."

నోట్లో పెట్టుకోబోయిన కిళ్లీని చూసి ఆగాడు. "సచ్చినోళ్ల చోటు, ఉమ్మకూడదు" అంటూ దాన్ని మూత అంచున పెట్టి నిచ్చెన దిగాడు.

రాజ్యం నవ్వేసింది. వారం రోజుల తరవాత ఆకలి వేసింది.

"మావా, ఏటున్నాయి?"

రాజ్యం మూతలోంచి తొంగి చూసింది. లైటు గది అడుగున పక్కకు ఒరిగి వెలుగుతోంది.

నిచ్చెన మీద కాలు పెట్టిన ఆమెను యార్డు మేస్త్రీ ఊ తిన్ వెనక్కి లాగేశాడు. లోపలి గాలినంతా తుప్పు ఎప్పుడో తినేసిందని, దిగితే ఊపిరి ఆడదని బర్మీస్‌లో అరిచాడు. దీపం దించలేదా, దీపం దించలేదా అని అడుగుతూనే ఉన్నాడు. రాజ్యం తన చేతికేసి చూసుకుంది.

కన్నయ్యను కొక్కెంతో పైకి తీశారు. ఒంటి మీద ఒక్క గాయం లేదు, ఊపిరీ లేదు.

మూత అంచున కిళ్లీ ఆకు ఇంకా పచ్చగానే ఉంది. దాని తడి సున్నం మీద ఎర్రటి తుప్పు పొడి సన్నగా రాలుతోంది.