పెదవి ఎత్తకూడదు

మా ఆయన ఫిలిప్ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ చీరల కొట్లో సేల్స్‌మన్. పాతికేళ్లుగా ఆయన నవ్వుకే సగం చీరలు అమ్ముడుపోయాయి. నిరుడు బైకు మీంచి పడి ముందు పన్ను ఊడితే ఇంప్లాంట్ వేయించాం. పన్ను దివ్యంగా ఉంది గానీ, దాని చిగురు పైకి జరిగిపోయి లోపలి లోహం నల్లగా బయటపడింది. బేరానికి వచ్చినవాళ్లు జరీ మానేసి ఆయన పన్ను చూస్తున్నారని, యజమాని ఎంతో మర్యాదగా ఆయన్ను గోడౌనుకు పంపాడు. మూటలకు నవ్వుతో పని లేదు కదా. ఇంట్లో కూడా ఆయన నవ్వడం మానేశాడు. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

చివరికి డాక్టర్ హర్షవర్ధన్ మా ఆయన అంగిట్లోంచి చిన్న కండ ముక్క తీసి ఆ పన్ను పైన చిగురుకు కుట్టాడు. అది అతుక్కుంటే మళ్లీ కౌంటర్‌లోకి తీసుకుంటానని యజమాని మాటిచ్చాడు.

"రెండు వారాలు పెదవి పైకెత్తి చూడొద్దమ్మా. మీరూ చూడొద్దు, ఎవర్నీ చూడనివ్వొద్దు. కుట్టు కదిలితే ముక్క బతకదు" అని డాక్టర్ నాకు రెండుసార్లు చెప్పాడు.

ఆయనకేం, చెప్పాడు. పరామర్శకు వచ్చినవాళ్లు దెబ్బను కళ్లారా చూడకపోతే మా వైపు అసలు వచ్చినట్టే కాదు. జావ తప్ప ఏమీ మింగలేని మనిషికి జామకాయలు పట్టుకుని బంధువులు బారులు తీరారు. కూర్చోగానే అందరిదీ ఒకటే కోరిక, ఏదీ ఒక్కసారి చూపించమని. చర్చి నుంచి ప్రార్థన చేయడానికి వచ్చిన సంజీవరావు గారు ఆమెన్ అంటూనే కళ్లద్దాలు తుడుచుకుని ముందుకు వంగారు. నేను మంచం పక్కన కుర్చీ వేసుకుని ఒక్కొక్కరినీ కాఫీ ఇచ్చి సాగనంపాను. పొగరుబోతునన్న పేరు ఉచితంగా వచ్చింది.

ఆరో రోజు హనుమాన్ జంక్షన్ నుంచి మా ఆడపడుచు హెలెన్ దిగింది. సొంత అన్న నోరు కూడా చూడనివ్వలేదని అలిగి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"లోపల కుళ్లిపోతే నీకెట్లా తెలుస్తది వదినా?"

ఆ మాట పురుగులా తొలిచింది. మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నాడు. నేను పరామర్శకు వచ్చినదాన్ని కాదు, పెళ్లాన్ని. నా చూపు వేరు అనుకున్నాను. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, ఫోన్ లైటు వేసి, మెల్లగా పెదవి ఎత్తాను. ఆయన ఉలిక్కిపడి తల విదిలించాడు. వేలికి నెత్తురు తగిలింది. కంచే చేను మేసింది.

సాయంత్రం డాక్టర్ చూసి, ముక్క పోయిందన్నాడు. మూడు నెలలు ఆగితే గానీ మళ్లీ చేయడం కుదరదట. ఎవరు ఎత్తారని అడిగితే, అద్దంలో తనే చూసుకున్నానని మా ఆయన చెప్పాడు. డాక్టర్ ఆయన్ని చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టాడు. ఆయన తల వంచుకుని తిట్లన్నీ పడ్డాడు. నేను సీలింగ్ ఫ్యాన్ చూస్తూ కూర్చున్నాను.

తిట్టడం అయ్యాక డాక్టర్ నా వైపు తిరిగాడు.

"ఈసారి ఈయన్ని మీరే ఇంకా గట్టిగా కనిపెట్టుకోవాలమ్మా. ఇంట్లో చెప్పిన మాట వినేది మీరొక్కరే."

మా ఆయన బల్ల కింద నా చెయ్యి నొక్కాడు, ఊరుకోమని. ఎలా ఊరుకోను? మూడు నెలలు ఆ గోడౌనులో కూర్చోవలసింది ఆయన.

"ఎత్తింది నేనండీ" అన్నాను.