కాలివేలికి తగిలించని వల

మా అత్త జగ్గమ్మను మా జాలరిపేటలో అందరూ డిటెక్టివ్ జగ్గమ్మ అంటారు. వెక్కిరింపుకి కాదు, నిజంగానే. కోడి తప్పిపోయినా, తాడు మీద ఆరేసిన లుంగీ మాయమైనా, ఎవరి సంబంధం ఎందుకు చెడిపోయిందో అంతు చిక్కకపోయినా మా అరుగు మీదికే వస్తారు. అత్త వాళ్ళని కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు వేస్తుంది. మూడోదానికి జవాబు చెబుతూ చెబుతూనే వచ్చినవాళ్ళు "ఓలమ్మ, ఔను గదా" అని లేచిపోతారు.

ఈ పేరు ఒక టీవీ సీరియల్ వల్ల వచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట గురువారం గురువారం సాయంత్రం "డిటెక్టివ్ భూషణరావు" అని వచ్చేదట. అప్పట్లో పేట మొత్తానికి ఒకటే టీవీ. భూషణరావు పంచె కట్టుకుని, గొడుగు పట్టుకుని తిరిగేవాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు మజ్జిగ అడిగేవాడు. హంతకుడి పేరు చెప్పబోయే ముందు కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచేవాడు. ఆయన తుడవడం అయ్యేలోగా మా అత్త ఆ పేరు చెప్పేసేదట. అలా పదమూడు కథలకి పదమూడూ చెప్పింది.

పద్నాలుగోది "ఏడో పడవ". దాని జవాబు మాత్రం మొన్నటిదాకా ఈ పేటలో ఎవరికీ తెలియదు.

ఆ కథలో పడవల యజమాని ఒకాయన ఒడ్డున ఏడో పడవ పక్కన చనిపోయి ఉంటాడు. అనుమానం ఇద్దరి మీద. ఒకడు పోలయ్య అనే జాలరి, ఇంకొకడు ఆస్పత్రి కాంపౌండర్. భూషణరావు అందరినీ ఒకచోట చేర్చి కళ్ళద్దాలు తీశాడో లేదో, బయట గాలివాన పెద్దదై కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి నాలుగు రోజులు. తర్వాతి గురువారానికి కొత్త కథ మొదలైపోయింది.

"జాలరే సంపినాడు" అంది అత్త ఆ చీకట్లోనే. "ఆడు జాలరే కాదు. దొంగ యేషం. వల ఎలగ కుడతన్నాడో సూడలేదేటి మీరు?"

నిజమే, ఆ పోలయ్య వలని ఒళ్ళో పెట్టుకుని, చొక్కాకి గుండీ కుట్టుకున్నట్టు కుడుతూ ఉంటాడు. మా పేటలో ఏ మగవాడైనా చిరిగిన వల బాగుచేయాలంటే కాళ్ళు చాపుకుని కూర్చుని, వల కన్నుని కాలి బొటనవేలికి తగిలించి బిగించి పట్టుకుంటాడు. వదులుగా ఉంటే కన్నులు సమంగా రావు. పదేళ్ళ పిల్లాడికి కూడా ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకని పేటలో ముప్పాతికమంది అత్త మాటకే తలూపారు.

గట్టిగా కాదన్న మనిషి ఒక్కతే, కూర్మమ్మ పిన్ని. మా మామకి చెల్లెలు, అత్తకి ఆడపడుచు. కాంపౌండరే అని ఆమె పట్టు. విజయనగరంలో ఉన్న మరిది కథ చివరిదాకా చూశాడని చెప్పేది. ఆ మరిది మాత్రం ఒకసారి కాంపౌండర్ అనీ, ఇంకోసారి కరణం అనీ చెప్పాడు. ఆ కథలో కరణమే లేడు.

ముప్పై ఏళ్ళుగా ఇదే తగువు. చేపలు ఎండబెడుతున్నప్పుడు, పెళ్ళి భోజనాల దగ్గర, ఆఖరికి నా సీమంతంలో గాజులు తొడుగుతూ కూడా.

ఇప్పుడు ఎవరో పుణ్యాత్ములు ఆ పాత క్యాసెట్లన్నీ యూట్యూబ్‌లో పెడుతున్నారు. మా ఇంట్లో ఫోన్ సరిగ్గా వాడేది నేనే. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినా, ఫోన్ మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. గురువారం అయిందంటే అరుగు మీద టీవీ పెట్టి, దానికి ఫోన్ కలపడం నా పని. చూడటం గంట, వాదించుకోవడం రెండు గంటలు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఫోన్ టింగుమంది. "ఏడో పడవ. పూర్తి భాగం."

నేను అరిచిన అరుపుకి నిద్రపోతున్న రేఖ ఉలిక్కిపడి లేచింది. నా కూతురికి పద్నాలుగు నెలలు. దానికి జ్వరమేమైనా వస్తుందేమోనని నుదురు చూస్తూనే అత్తకి సంగతి చెప్పాను. అత్త చేతిలో చేట కింద పెట్టేసింది.

"ఇప్పుడు సూడకూడదు. గురువారం సాయంత్రమే. అప్పుడు ఎలగ వచ్చీదో అలగే సూడాల" అంది. ముఖం పెళ్ళికూతురిలా వెలిగిపోయింది.

సాయంత్రానికి పేటంతా తెలిసిపోయింది. కూర్మమ్మ పిన్ని పరిగెత్తుకొచ్చింది.

"వదినా, పందెమా?"

"ఏటి పందెం?"

"ఓడిపోయినోలు అందరి ముందూ నిలబడి 'నాకేటీ తెలీదు' అనాల. గట్టిగా. ఆ సివర ఇంటోలికి కూడా ఇనపడాల."

"నువ్వే అంటావులే. గొంతు సవరించుకో" అంది అత్త.

సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు కావడంతో మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గరే ఉన్నారు. వాళ్ళూ వస్తామన్నారు. మా ఆయన దేవేంద్ర కుర్చీలు లెక్క చూడటం మొదలుపెట్టాడు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పూర్తి భాగం అని రాసినంత మాత్రాన పూర్తిగా ఉంటుందని నమ్మకమేమిటి? పాత క్యాసెట్ కదా, మళ్ళీ కళ్ళద్దాల దగ్గరే ఆగిపోతే? అంతమంది ముందు నా పరువు ఏమవుతుంది? పొద్దున్నే రేఖని ఒళ్ళో వేసుకుని, చివర ఉందో లేదో చూద్దామని, ఒక్క రెండు నిమిషాలు, అంతే, జరిపి చూశాను.

చివర ఉంది. భూషణరావు కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, వేలు చూపించాడు.

కాంపౌండర్.

పోలయ్యని వదిలేశారు. వాడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఒడ్డు మీద నడిచిపోయాడు. అయిపోయింది.

ఒక సీరియల్‌కి ఇంత భయమెందుకని మీకు అనిపించవచ్చు. మా మామ సముద్రంలో పోయాక అత్త ఆరు నెలలు గడప దాటలేదట. తిండి లేదు, మాట లేదు. ఒకనాడు పేటలో పెద్దాయన ఎర్రన్న తాత వచ్చి, "జగ్గమ్మా, నా కోడి పోనాది. నీకు తప్ప ఎవరికీ దొరకదు" అన్నాడట. ఆ కోడిని వెతకడానికి అత్త బయటికి వచ్చింది. మళ్ళీ లోపలికి పోయి కూర్చోలేదు. ఈ సంగతి నాకు దేవేంద్ర పెళ్ళైన కొత్తలో చెప్పాడు. ఆ పేరు పోతే అత్త ఏమవుతుందో అని నాకు గుబులు. పైగా ఆ పేరు పోగొట్టేది నా చేతిలో ఫోనే.

బుధవారమంతా నేను మనిషిని కాను. పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. చివర కోసేద్దామా అనుకున్నాను. వీడియో దొరకడం లేదని చెబుదామా అనుకున్నాను. రేఖ రెండుసార్లు తుమ్మితే అదీ దీనివల్లే అనిపించింది. దేవేంద్రకి చెబుదామంటే ఆయన నోట్లో మాట ఆగదు.

గురువారం ఐదింటికి అరుగు ముందు జాగా లేదు. చాపలు, కుర్చీలు, తిరగేసిన చేపల గంపలు, దేనిమీద పడితే దానిమీద జనం. ఎర్రన్న తాతకి ముందు వరసలో మంచం వేశారు. పేటలో వల బాగుచేయడంలో ఆయనకి మించినవాడు లేడు. అత్త జరీ చీర కట్టుకుంది. కూర్మమ్మ పిన్ని కావాలని కొత్త చీర కట్టుకొచ్చింది.

"ఏటి వదినా, ఎవలి పెళ్ళి?" అంది పిన్ని.

"నీ ఓటమి పెళ్ళి" అంది అత్త.

పాట మొదలైంది. పెద్దవాళ్ళందరూ దానితో పాటు పాడారు. భూషణరావు మజ్జిగ అడగగానే నలభై గొంతులు ఒక్కసారి "మజ్జిగుందా తల్లీ" అన్నాయి. నవ్వులే నవ్వులు. పోలయ్య వల కుట్టే చోట అత్త చెయ్యెత్తింది.

"ఆపే దుర్గా. ఆపు. ఎర్రన్న మావా, సూడు. నువ్వే సెప్పు."

తాత మంచం మీంచి ముందుకు వంగి చూశాడు. ముఖం చిట్లించాడు.

"థూ. ఈడికి వల ఎవడిచ్చినాడు? కాలివేలు ఏటైనాదిరా నీకు?"

"ఇన్నావా కూర్మమ్మా!"

"మావా, నువ్వు ఆగు. వల కుట్టడం రాకపోతే మనుసుల్ని సంపీసినట్టేటి? మా ఇంటాయనకీ సరిగ్గా రాదు" అంది పిన్ని. వాళ్ళాయన వెనక వరసలోంచి "నన్నెందుకే లాగుతావు" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

కథ చివరికి వచ్చేసింది. నేను లేచి అత్తకి మంచినీళ్ళు ఇచ్చాను. ఆమె తాగలేదు. రేఖని ఆమె ఒళ్ళో కూర్చోబెట్టాను, పిల్ల ఒళ్ళో ఉంటే కొంచెం తట్టుకుంటుందేమోనని. భూషణరావు కళ్ళద్దాలు తీశాడు. ముప్పై ఏళ్ళ తర్వాత కరెంటు పోలేదు.

"మిస్టర్ కాంపౌండర్" అన్నాడు భూషణరావు.

కూర్మమ్మ పిన్ని కేక పేట చివరి ఇంటికి కాదు, నడిసముద్రానికి వినబడి ఉంటుంది. కొంగు నడుముకి చుట్టి చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరిగింది. టీవీలో పోలయ్య పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాడు. నేను ఆ బొమ్మ మీదే ఆపేశాను.

"లెగు వదినా. ముప్పై ఏళ్ళ తగువు తేలిపోనాది."

అత్త లేచింది. రేఖని చంకలో వేసుకుంది. ఎర్రన్న తాత తల దించుకున్నాడు.

"పందెం పందెమే" అంది అత్త గట్టిగా. "నాకేటీ..."

ఆగింది. టీవీ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"కాసేపు ఆగు కూర్మమ్మా. నాకు ఒకటి తెలుసు. అది సెప్పీసి అంటాను. ఇక్కడ ఒక దొంగ ఉన్నాది."

"ఎవలు?"

"నా కోడలు. దీనికి సివర ముందే తెలుసు."

నలభై తలలు నా వైపు తిరిగాయి.

"నిన్న పులుసు సముద్రం నీల్లలాగ ఉన్నాది. దుర్గ బెంగెట్టుకుంటే ఉప్పు రెండుసార్లు వేస్తాది, అది అందరికీ తెలుసు. పిల్లకి జొరం లేదు, మొగుడు వేటకి ఎల్లలేదు. మరేటి బెంగ? రెండు, అడక్కుండా మంచినీల్లు ఇచ్చినాది. ఇంతవరకూ ఏ గురువారమూ ఇవ్వలేదు. మూడు..." అత్త వేలు నా మీదికే చూపించింది. "అద్దాలు తుడిసినప్పుడు మీరందరూ టీవీ సూసినారు. ఇది నా మొకం సూసినాది."

"ఏటే, నిజమేనా?" అన్నాడు దేవేంద్ర.

తలూపాను. "నిన్న పొద్దున్న సూసేసినాను అత్తా. సివర ఉందో లేదో అని."

"ముందే తెలిస్తే నాకెందుకు సెప్పలేదు?"

"నీకు బాధేస్తాదని. కోసీద్దామనుకున్నాను..."

"మరి కొయ్యలేదేటి?"

అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. "కొయ్యడం రాలేదు అత్తా. మూడుసార్లు పయత్నం సేసినాను. ముందు పాట ఎగిరిపోతంది గానీ సివర పోవడంలేదు."

పేలింది అరుగు. ఎర్రన్న తాత మంచం కోడు పట్టుకుని నవ్వి నవ్వి దగ్గాడు. కూర్మమ్మ పిన్ని నవ్వుతూ నేలమీద కూలబడి, కళ్ళు తుడుచుకుంది. అత్త పొట్ట పట్టుకుని నవ్వుతుంటే చంకలో రేఖ కూడా ఎందుకో తెలియకుండానే కేరింతలు కొట్టింది. రెండు రోజులుగా నా ఛాతీ మీద కూర్చున్న బండరాయి ఎటు పోయిందో నాకే తెలియలేదు.

"సరే, మాట తప్పకూడదు" అంటూ అత్త కొంగు సర్దుకుంది. "నాకేటీ తె..."

"నోరుముయ్యి వదినా" అంది పిన్ని. లేచి వచ్చి అత్త నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఆ బూషణరావుకి పోలీసులున్నారు, జీపున్నాది, మజ్జిగ ఇచ్చీవోలు ఉన్నారు. నువ్వు పులుసు నాకి పట్టుకున్నావు. నువ్వు ఆ మాట అంటే నానూరుకోను."

"అయితే కాంపౌండరేనంటావా?"

"కాంపౌండరే. నాను గెలిసినాను. గానీ నువ్వు ఓడిపోలేదు."

"అదెలగ కుదురుతాది?" అన్నాడు దేవేంద్ర.

"నీకు తెలీదు గానీ నువ్వుండరా" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఇక వాదన మొదలైంది. సగం మంది కాంపౌండర్‌కి శిక్ష పడాల్సిందే అన్నారు. సగం మంది, పోలయ్య జాలరి కాదని తేలిపోయాక వాడిని ఎలా వదిలేస్తారని లేచారు. పోలయ్య వేషం వేసిన నటుడికి వల పట్టడం రాదని, అంతేనని నేను చిన్నగా అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. ఎర్రన్న తాత ఇంటి నుంచి చిరిగిన వల తెప్పించి, కాళ్ళు చాపి, బొటనవేలికి తగిలించి, "సూడండిరా, ఇలగ" అని చూపించడం మొదలుపెట్టాడు. పిల్లలంతా ఆయన చుట్టూ చేరారు. వంటల సంగతి ఎవరికీ గుర్తు లేదు.

రేఖని తీసుకుందామని నేను అత్త దగ్గరికి వెళ్ళాను. ఆమె పిల్లనివ్వలేదు. నా చెంప మీద మెత్తగా ఒకటి వేసింది.

"ఇంకెప్పుడూ నా గురించి బెంగెట్టుకోకు. ఏటి? నాను ఒక సీరియల్‌కి సచ్చిపోయీదాన్నా?"

"కాదత్తా."

"అయితే ఆ పులుసు పారబోసి కొత్తది ఎట్టు."

అలా అని టీవీ దగ్గరికి నడిచింది. తెర మీద పోలయ్య ఇంకా ఆగిపోయి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూనే ఉన్నాడు. అత్త వాడి ముఖం మీదికి వంగి, వేలితో తెర మీద టకటకా కొట్టింది.

"నవ్వరా నవ్వు. ఆ బూషణరావు వదిలీసినాడు గానీ, నాను వదల్లేదు."