చేతులు మారిన చొక్కాలు

కుట్టుపని షాపులో అందరూ ఆమెను రైలుబండి అంటారు. ఆమె మిషను తొక్కిందంటే పక్కవాళ్ళ మాటలు వినపడవు. పైకి విసుక్కున్నా ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వమే. ఆ గర్వానికి చిల్లు పెట్టింది ఎవరో కాదు, స్వయానా తోడికోడలు. ఆమెకు నిదానమ్మ అని వెటకారంగా పేరు పెట్టింది కూడా రైలుబండే.

బడులు తెరిచే ముందు రోజులు. యూనిఫాం చొక్కాలు గుట్టలు పడి ఉన్నాయి. యజమాని చెవి దగ్గర్నుంచి ఫోను దించడం లేదు. అందరూ నిలబడే నాలుగు మెతుకులు మింగుతున్నారు. నిదానమ్మ మాత్రం మిషను ఆపి, చేతులు కడుక్కుని, కూర్చుని తింటుంది. తిన్నాక కాసేపు కళ్ళు మూసుకుంటుంది కూడా.

"ఒంట్లో బాగాలేదా?" అని రైలుబండి దెప్పితే, "బాగానే ఉందక్కా, పాడుచేసుకోకూడదనే," అంటుంది.

ఒళ్ళు మండదూ మరి! పైగా ఆమె కుట్టింది ఒక్కటీ వెనక్కి రాదు. ఇద్దరిలో ఒకరిని మిషను మీద నుంచి గుడ్డ కత్తిరించే కటింగు బల్లకు పెంచుతానని యజమాని అన్నప్పటి నుంచి రైలుబండికి కంటిమీద కునుకు లేదు. ఏళ్ళ తరబడి ఆ బల్ల కోసం కాచుకుంది తను. నిన్నగాక మొన్న వచ్చినది తన్నుకుపోతే? పక్క మిషను వైపే ఓరగా చూస్తూ, కాళ్ళు విరిగేలా తొక్కింది.

మధ్యాహ్నం తను కుట్టిన చొక్కాలు దులుపుతూ రైలుబండి ఒకదాన్ని తిప్పి చూసింది. కట్ట మొత్తానికి కుడి చెయ్యి ఎడమకు, ఎడమ చెయ్యి కుడికి అతికించేసింది. ఏ పిల్లాడు తొడిగినా చంకలో పట్టేస్తుంది. నిదానమ్మ అవతల తీరిగ్గా భోంచేస్తోంది. రైలుబండి అటూ ఇటూ చూసి, తన కట్టను ఆమె మిషను దగ్గర పెట్టి, ఆమె కట్టను తనవైపు లాక్కుంది.

సాయంత్రం యజమాని చొక్కా పైకెత్తాడు. "ఇవేంటమ్మా? నువ్వేనా కుట్టింది?"

నిదానమ్మ చొక్కాను చూసింది, తోడికోడలి మొహం చూసింది. "విప్పి మళ్ళీ కుట్టేస్తాను సార్," అంది.

అంతే. గొడవ లేదు, ఏడుపు లేదు. యజమాని పెద్ద కత్తెర తెచ్చి రైలుబండి చేతిలో పెట్టాడు. "రేపట్నుంచి బల్ల నీది."

కోరుకున్నది చేతికొచ్చింది. అయినా ఆమె చూపు కుట్లు విప్పుతున్న నిదానమ్మను వదల్లేదు. దొంగపని చేసిన తన గుండె దడదడలాడుతుంటే, మాట పడ్డ మనిషి ఊపిరి అంత సాఫీగా ఎలా ఆడుతోంది? కుళ్ళుకుంది రైలుబండి. బల్లనైతే లాక్కుంది, ఈ నెమ్మదిని ఎలా లాక్కోవడం?

దగ్గరికెళ్ళి గొంతు తగ్గించింది. "నువ్వు కుట్టినవి కావని ఎందుకు చెప్పలేదే?"

"కోపం రాలేదనుకోకు, వచ్చింది. కానీ చెబితే బల్ల నాకొచ్చేది. అక్కడికెళ్తే ముక్కల కోసం అందరి తొందరా నా నెత్తినే కదక్కా. నాకొద్దు."

తను దొంగతనానికి దిగజారింది దీనికి అక్కర్లేనిదాని కోసమా! రైలుబండి మొహం మాడిపోయింది. కత్తెర తీసుకెళ్ళి యజమాని ముందు పెట్టి, "సార్, చేతులు మార్చి కుట్టింది నేను," అంది. ఆయన నోరు తెరిచేలోగా వెనక్కొచ్చి, తోడికోడలి పక్కన కూర్చుని, సగం చొక్కాలు తన ఒళ్ళోకి లాక్కుని పరపరా కుట్లు తెంపబోయింది.

"మెల్లిగా అక్కా, గుడ్డ చిరుగుతుంది."

ఆ మాటా దానికే ముందు తోచిందని రైలుబండికి ఉక్రోషం వచ్చింది. అయినా చెయ్యి నెమ్మదించింది.